గండికోట లోయ అంచుకు పిల్లాపాపలతో: తిరుపతి కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

తిరుపతిలో పెరిగిన పిల్లలకు కొండ ఎక్కడం కొత్త కాదు. అలిపిరి నుంచి 3,550 మెట్లో, శ్రీవారి మెట్టు నుంచి 2,388 మెట్లో ఎక్కి తిరుమల చేరిన బిడ్డ దృష్టిలో కాలినడక అంటే చెక్కిన మెట్లు, చాలా దూరం వరకు పైకప్పు, దారి పక్కన తాగునీరు, ముందూ వెనకా గోవిందనామం. గండికోటలో వీటిలో ఒక్కటీ ఉండదు. అక్కడ ఎక్కవలసిన కొండ కూడా లేదు. చదునైన నేల మీద, ముళ్లపొదల మధ్య, పాత కోటగోడల పక్కగా నడుచుకుంటూ పోతే ఉన్నట్టుండి నేల ఆగిపోతుంది, దాదాపు 300 అడుగుల కింద పెన్నా నది కనబడుతుంది. ఆరేళ్ల పిల్లవాడి నుంచి డెబ్బై ఏళ్ల అవ్వ వరకు అందరూ నడవగలిగినంత సులువైన దారి కాబట్టే చాలామంది ఏ సన్నాహమూ లేకుండా వెళ్తారు. దారి సులువే గాని, ఎండ విషయంలోనూ అంచు విషయంలోనూ ఏమరుపాటు పనికిరాదు. అందుకే ఈ మార్గదర్శిలో నడక గురించి కంటే నడకకు ముందు చేయవలసిన పనుల గురించి ఎక్కువగా చెప్పాను.

లోయ గురించి కొంత

చెరువుకట్ట తెగితే గండి పడిందంటాం. గండికోటలోని గండి కూడా ఆ మాటే. ఇక్కడ తెగింది కట్ట కాదు, ఎర్రమల కొండల వరుస. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, 597 కిలోమీటర్లు ప్రవహించి, నెల్లూరు దగ్గర సముద్రంలో కలిసే పెన్నా నది కడప జిల్లా జమ్మలమడుగుకు 15 కిలోమీటర్ల దూరంలో ఈ కొండలను కోసుకుంటూ పోయింది. నదికి కుడిగట్టున, లోయనే ఒక వైపు అగడ్తగా చేసుకుని కోట కట్టారు. కోట పుట్టుకను 1123వ సంవత్సరానికి ముడిపెట్టే కథనం ఉంది. తర్వాతి కాలంలో విజయనగర రాజుల సామంతులుగా పెమ్మసాని నాయకులు ఇక్కడి నుంచి పాలించారు. వజ్రాల వ్యాపారి, ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే 1652లో ఇక్కడికి వచ్చేనాటికి కోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతిలో ఉంది.

లోయగోడలు ఇటుకలు పేర్చినట్టు ఎందుకు కనిపిస్తాయో పిల్లలు తప్పక అడుగుతారు. జవాబు చెప్పడానికి తిరుపతివాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. తిరుమల ఘాట్ రోడ్డులో, కింద పొరలు లేని గ్రానైటు, దాని మీద పొరలుపొరలుగా క్వార్ట్‌జైటు రాయి, రెండింటి మధ్య గీత గీసినట్టు ఒక హద్దు కనిపించే చోటు ఉంది. భూగర్భ శాస్త్రజ్ఞులు దానిని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. ఆ గీతకు పైనా కిందా ఉన్న రాళ్ల వయసుల మధ్య తేడా 80 కోట్ల సంవత్సరాల దాకా ఉంటుంది. ఆ గీతకు పైనున్న రాయి, శిలాతోరణంలోని రాయి, గండికోట లోయగోడల రాయి ఒకే కాలంలో ఏర్పడినవి కాకపోయినా, కడప హరివాణం అని పిలిచే ఒకే పురాతన పల్లంలో పేరుకున్న ఇసుక గట్టిపడి ఏర్పడినవే. బయలుదేరే ముందు ఒకసారి తిరుమలకు వెళ్లినప్పుడు పిల్లలకు ఆ గీత చూపించండి. గండికోటలో అలాంటి పొరలనే అడ్డంగా కోసిన గోడలా చూసినప్పుడు వేరే పాఠం చెప్పవలసిన పని ఉండదు.

ఈ రాయికి అడ్డంగా పొరలతో పాటు నిలువుగా పగుళ్లు కూడా ఉంటాయి. రెండూ కలిసినచోట రాయి పెట్టె ఆకారంలో విడివడుతుంది. దూరం నుంచి చూస్తే అదే అందం. దగ్గరికి వెళ్తే మెట్టులా కనిపించే రాయి కింద ఆధారం ఉందో లేదో పైనుంచి తెలియదు. అంచు దగ్గర పాటించమని తర్వాత చెప్పే నియమాలన్నింటికీ కారణం ఇదే.

మొదటి అడుగు: నెల, రోజు, గంట ఎంచుకోవడం

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి నడిమి వరకు అనువైన కాలం. కడప ప్రాంతపు వేసవి ఎలా ఉంటుందో మనవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. మార్చి వచ్చిందంటే పగటి నడక మానుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలతో వెళ్లవద్దనే నా సలహా. ఈశాన్య రుతుపవనాల వానలు పడే రోజుల్లో లోయ పచ్చగా బాగుంటుంది గాని, తడిసిన క్వార్ట్‌జైటు మీద చెప్పు జారుతుంది. వాన వెలిసిన తర్వాత కనీసం ఒక పూట ఎండ కాసిన రోజునే అంచుకు వెళ్లాలి.

గంట విషయంలో మాత్రం రాజీ పడకండి. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో అవుతుంది. ఆరు గంటలకు నడక మొదలుపెట్టి, తొమ్మిదిన్నరకల్లా తిరిగి వాహనం దగ్గరికి చేరాలి. మేము మొదటిసారి వెళ్లినప్పుడు తెల్లవారుజామునే తిరుపతిలో బయలుదేరి, దారిలో రెండుచోట్ల ఆగి, కోట ద్వారం దగ్గర దిగేసరికి పదకొండున్నర అయింది. ఐదుగురికి కలిపి మూడు లీటర్ల నీళ్లు ఉన్నాయి. చిన్నవాడి హవాయి చెప్పు పట్టీ సగం దారిలో తెగింది, వాడిని ఎత్తుకుని నడవవలసి వచ్చింది. మా అమ్మ మసీదు నీడలో కూర్చుని, లోయ చూడకుండానే వెనక్కి వచ్చింది. డిసెంబరు నెలే, చలికాలమే. అయినా ఆ రాతినేల మీద మిట్టమధ్యాహ్నం మిట్టమధ్యాహ్నమే.

పండుగ సెలవులు, వారాంతాలు తప్పించగలిగితే ఇంకా మంచిది. రద్దీ ఉన్నప్పుడు ఫొటోల కోసం జనం ఒకే బండ మీదికి చేరతారు, పిల్లల చేయి పట్టుకుని నిలబడే జాగా ఉండదు.

రెండవ అడుగు: తిరుపతి నుంచి ప్రయాణం

దూరం సుమారు 220 కిలోమీటర్లు. రేణిగుంట, కోడూరు, రాజంపేట, ఒంటిమిట్ట మీదుగా కడప చేరి, అక్కడి నుంచి ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు వైపు వెళ్లాలి. కారులో పిల్లలతో ఐదు గంటలకు తక్కువ అనుకోవద్దు. మధ్యాహ్నం భోజనం తొందరగా ముగించి పన్నెండుకల్లా బయలుదేరితే, ఒంటిమిట్ట కోదండరామాలయంలో అరగంట ఆగినా, చీకటి పడేలోపు గండికోటలో ఉండవచ్చు. రైలులో వెళ్లేవారు రేణిగుంట నుంచి గుంతకల్లు వైపు వెళ్లే రైళ్లలో ఎర్రగుంట్లలో గాని, ఆ రైలు ఆగేదైతే ముద్దనూరులో గాని దిగి అక్కడి నుంచి వాహనం మాట్లాడుకోవచ్చు. తిరుగు ప్రయాణానికి కూడా అదే వాహనంతో ముందే మాట్లాడుకోవడం అవసరం, ఎందుకంటే కోట దగ్గర నిలబడితే ఆటో దొరుకుతుందన్న భరోసా లేదు.

ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగివచ్చే ప్రణాళిక పిల్లలున్న ఇంటికి పనికిరాదు. రానుపోను పది గంటలు బండిలోనే గడుస్తాయి, నడకకు మిగిలేది సరిగ్గా ఎండ వేళే. ఒక రాత్రి బస తప్పనిసరి అనుకోండి. కోటకు దగ్గరలో పర్యాటకాభివృద్ధి సంస్థవారి హరిత హోటల్ ఉంది. అక్కడ గది దొరకకపోతే జమ్మలమడుగులో ఉండి తెల్లవారుజామున బయలుదేరవచ్చు. గుడారాలలో రాత్రి గడపడం ఈ మధ్య బాగా వాడుకలోకి వచ్చింది. పదేళ్లు దాటిన పిల్లలకు అది పండుగే గాని, అంతకంటే చిన్నపిల్లలు ఉంటే నేను గదినే ఎంచుకుంటాను. రాత్రి నిద్రమత్తులో లేచిన పిల్లవాడు లోయకు ఎంత దూరంలో ఉన్నాడన్న ఆలోచనతో పెద్దవాళ్లకు నిద్ర పట్టదు.

మూడవ అడుగు: సంచి సర్దడం

నీళ్లు పెద్దవాళ్లకు మనిషికి రెండు లీటర్లు, పిల్లలకు ఒక లీటరు. మూడు గంటల నడకకు ఇది ఎక్కువ అనిపిస్తుంది, కానీ మిగిలిన నీళ్లతో నష్టం లేదు. కోట లోపల కొనుక్కుందాములే అనుకుంటే ఆ పొద్దున అంగడి తెరిచి ఉండకపోవచ్చు. రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు, ఒక సీసా ఉప్పు వేసిన పలుచని మజ్జిగ పెట్టుకోండి.

కాళ్లకు మడమను పట్టి ఉంచే పాదరక్షలు కావాలి. బడికి వేసుకునే బూట్లు చాలు, కొత్తవి కొనవలసిన పని లేదు. నిజానికి కొత్త బూట్లు ఆరోజే తొడిగితే కాళ్లు పుండ్లు పడతాయి. పెద్దవాళ్లు చీర కట్టుకున్నా, పంచె కట్టుకున్నా నడవగలరు గాని, అంచు దగ్గర గాలి బలంగా వీస్తుంది కాబట్టి కొంగు, చున్నీ నడుముకు బిగించి కట్టుకోవాలి. ఎండకు గొడుగు తెచ్చుకునేవారు దానిని కోట లోపలే వాడుకోవాలి. లోయ అంచున గొడుగు తెరిస్తే గాలి దానితో పాటు మనిషిని కూడా ఒక అడుగు లాగుతుంది. టోపీకి గడ్డం కింద కట్టే తాడు ఉండేలా చూడండి, లేదా తలకు తువ్వాలు చుట్టండి. ఎగిరిపోయిన టోపీ వెంట పిల్లలు పరిగెత్తడమే అక్కడ అన్నిటికంటే పెద్ద ప్రమాదం.

తినడానికి పెరుగన్నం, చిత్రాన్నం బాగుంటాయి, అయితే వాటిని బండిలో ఉంచి తిరిగివచ్చాక తినండి. చేతిసంచిలో అరటిపండ్లు, వేయించిన శెనక్కాయలు, బొరుగులు చాలు. చేతిదీపం ఒకటి, దూది, కట్టు గుడ్డ, చెత్త వేసుకోవడానికి ఖాళీ సంచి ఒకటి. దారి పటాన్ని జమ్మలమడుగులో ఉండగానే ఫోనులోకి దించుకోండి.

నాలుగవ అడుగు: ముందురోజు సాయంత్రం దారి చూసి రావడం

చాలామంది ఈ పని చేయరు, నా దృష్టిలో ఇది అన్నిటికంటే ముఖ్యమైనది. గదిలో సామాను పెట్టాక, వెలుగు ఉండగానే, ఇంట్లో పెద్దవాళ్లలో ఇద్దరు మాత్రం అంచు దాకా నడిచి రావాలి. పిల్లలను మిగిలినవారి దగ్గర వదిలిపెట్టండి. మూడు విషయాలు చూసుకోవాలి: మసకవెలుతురులో కూడా గుర్తుపట్టగలిగేలా దారి మలుపులు ఎక్కడున్నాయి, అంచుకు ఎంత దూరంలో వెడల్పైన, కదలని, చదునైన బండ ఉంది, అవ్వ కూర్చోవడానికి అనువైన చోటు ఏది. ఆ బండను గుర్తు పెట్టుకోండి. మరునాడు ఉదయం కుటుంబమంతా కూర్చోబోయేది దాని మీదే. పిల్లలతో అక్కడికి చేరాక చోటు వెతుక్కోవడం మొదలుపెడితే, ఒక్కొక్కరు ఒక్కొక్క బండ మీద తేలతారు.

ఐదవ అడుగు: తెల్లవారి నడక

వాహనాన్ని కోట లోపలి ఊరి దగ్గర ఆపుకోవచ్చు. కానీ పిల్లలకు ప్రధాన ద్వారం దగ్గర దిగి నడవడమే బాగుంటుంది. ఇనుప మేకులు తాపడం చేసిన ఆ పెద్ద తలుపులను, ద్వారం లోపల తిరిగే మలుపులను కాలినడకన దాటితేనే, ఏనుగులతో వచ్చిన శత్రువు ఎందుకు ఇబ్బంది పడేవాడో అర్థమవుతుంది. ద్వారం దాటాక చార్మినార్‌ను చిన్నది చేసి నిలబెట్టినట్టుండే పావురాల గోపురం కనిపిస్తుంది. వెళ్లేటప్పుడు దాని దగ్గర ఆగవద్దు. వెలుగు వచ్చేలోపు అంచుకు చేరడమే మొదటి పని, కట్టడాలన్నీ తిరిగి వచ్చేటప్పుడు చూడవచ్చు.

జామియా మసీదు, దాని పక్కన ఎత్తైన ధాన్యాగారం, ఆపైన రంగనాథస్వామి ఆలయం గుర్తులుగా నడిస్తే లోయ వైపు వెళ్లే కాలిబాట పట్టుకోవచ్చు. ఊరు దాటాక నేల స్వభావం మారుతుంది. మట్టి తగ్గి బండలు మొదలవుతాయి. అక్కడి నుంచి వరుస మార్చండి: ముందు ఒక పెద్దవారు, వెనక చివర మరొక పెద్దవారు, మధ్యలో పిల్లలు. పదేళ్ల లోపు ప్రతి పిల్లవాడి చేయి ఒక పెద్దమనిషి చేతిలో ఉండాలి. ఇద్దరు పిల్లలను ఒకరే పట్టుకుని నడిపించడం ఇక్కడ కుదరదు. బండల మధ్య కాలు పెట్టేముందు చూసుకోమని, రాళ్లు ఎత్తి కింద ఏముందో చూడవద్దని పిల్లలకు ముందే చెప్పాలి. అలాంటి రాళ్ల కింద తేళ్లు ఉంటాయి.

బాగా దగ్గరికి వెళ్లేదాకా లోయ కనిపించదు. ఎదురుగా మరొక మైదానం ఉన్నట్టు, దానికీ మనకూ మధ్య ఏమీ లేనట్టు అనిపిస్తుంది. అందుకే పిల్లలు పరుగు అందుకుంటారు. నిన్న సాయంత్రం చూసిన గుర్తు రాగానే అందరూ ఆగాలి.

ఆరవ అడుగు: అంచు దగ్గర

అంచు పొడవునా రక్షణ కంచె ఉంటుందని అనుకోకండి. కంచె లేదన్నట్టే ప్రవర్తించండి. మా ఇంట్లో పాటించే నియమం ఒక్కటే: లోయను నిలబడి చూడకూడదు, కూర్చుని చూడాలి. నిలబడినవాడికి కళ్లు తిరగవచ్చు, కాలు జారవచ్చు, వెనక నుంచి ఎవరైనా తగలవచ్చు. కూర్చున్నవాడికి వీటిలో ఏదీ పెద్ద హాని చేయదు. పెద్దల అడుగులతో కొలిచి అంచుకు పది అడుగుల ఇవతల కూర్చుంటే లోయ ఏమీ తక్కువ కనిపించదు. నది వంపు, ఎదుటి గోడ మీది పొరలు, పగుళ్లలో వేళ్లు దించి వేలాడే చెట్లు, గోడ మీదుగా కిందికి దిగుతున్న మొదటి ఎండ, అన్నీ అక్కడి నుంచే కనిపిస్తాయి. ఎండ దిగుతున్నకొద్దీ రాయి రంగు బూడిద నుంచి ఇటుక ఎరుపుకు మారడం పది నిమిషాల పాటు జరుగుతుంది. పిల్లలు కదలకుండా కూర్చునే పది నిమిషాలు కూడా అవే.

ఫొటోలు తీసే మనిషి ఆ సమయంలో ఏ పిల్లవాడి చేయీ పట్టుకుని ఉండకూడదు, ఆ బాధ్యత ముందే వేరొకరికి అప్పగించాలి. ఫొటోలో అందరూ పట్టాలని వెనక్కి అడుగులు వేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఇక్కడ తీసేవారు, దిగేవారు ఇద్దరూ కూర్చునే ఉండాలి. సెల్ఫీ మానేయండి. అంచు మీద కాళ్లు వేలాడదీసి దిగే ఫొటోలు మీ పక్కనే ఎవరో తీసుకుంటూ ఉంటారు. పిల్లలు అడిగితే వద్దని చెప్పి ఊరుకోకుండా, ఒక పగిలిన బండను చూపించి, దాని కింద ఖాళీ ఎలా ఉందో కాస్త దూరం నుంచే చూపండి. మా పెద్దమ్మాయికి అలా చూపించాక మళ్లీ అడగలేదు.

కింద నదిలోకి దిగే దారులు కొన్ని కనిపిస్తాయి. పిల్లలతో వాటి జోలికి పోవద్దు. దిగేటప్పుడు సులువుగా అనిపించిన బండలు ఎక్కేటప్పుడు అందవు. నీటిమట్టం కూడా జలాశయాల వల్ల మారుతూ ఉంటుంది. లోయలోకి రాళ్లు విసరడం కూడా మాన్పించాలి, కింద మనుషులు ఉండవచ్చు.

పెద్దవయసువారి విషయం. మోకాళ్ల నొప్పులున్నవారు చివరి బండల దాకా రానవసరం లేదు, మట్టిదారి ముగిసేచోట కూర్చోవచ్చు. వారి పక్కన ఒకరు ఉండి, తర్వాత మార్చుకుంటే సరిపోతుంది. రెండవసారి మా అమ్మను అలాగే తీసుకువెళ్లాము. చేతికర్ర ఒకటి ఇచ్చి, ఒకరు ముందు, ఒకరు వెనక ఉండి, ఐదు నిమిషాల దూరాన్ని ఇరవై నిమిషాలలో నడిపించాము. చేరాక ఆమె లోయ కంటే ఎక్కువసేపు అవతలి గట్టున మేస్తున్న మేకలను చూసింది. అవి ఎలా దిగుతాయో, ఎలా ఎక్కుతాయో అని.

ఏడవ అడుగు: తిరుగుదారిలో కోట

ఏడున్నర ప్రాంతంలో వెనక్కి తిరిగితే రెండు గంటల సమయం చేతిలో ఉంటుంది. రంగనాథస్వామి ఆలయంలో స్తంభాల మధ్య కూర్చుని తెచ్చుకున్నవి తినవచ్చు, తొక్కలు సంచిలో వేసుకోవాలి. ధాన్యాగారం లోపల మాట్లాడితే గొంతు ఎలా మారుతుందో పిల్లలు వాళ్లంతట వాళ్లే కనిపెడతారు. మసీదు దగ్గరి కోనేటిని కత్తుల కోనేరు అంటారు. యుద్ధం ముగిశాక కత్తులు అందులో కడిగేవారని స్థానికులు చెబుతారు. మాధవరాయస్వామి ఆలయపు గోపురం మాత్రం తొందరపడి చూడవలసింది కాదు. దాని ప్రాకార మండపాలలో నీడ దండిగా ఉంటుంది, ఎండ ఎక్కే వేళకు చివరి మజిలీగా అదే అనువైనది. చంద్రగిరి కోటను పిల్లలు ఇంతకుముందే చూసి ఉంటే, రెండు కోటలలో ఏ గోడ ఎక్కడ కట్టారో, ఎక్కడ కట్టలేదో పోల్చమనండి. లోయ వైపు గోడతో పెద్ద పని ఎందుకు లేదో వాళ్లే చెబుతారు.

ఎవరికైనా తలనొప్పి, వికారం మొదలైతే మిగిలిన కట్టడాలు వదిలేసి నీడకు చేర్చి, ఓఆర్‌ఎస్ కలిపిన నీళ్లు కొద్దికొద్దిగా తాగించాలి. తగ్గకపోతే జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి, లేదా 108కు ఫోను చేయాలి.

ఇంటిదారి

పది గంటలకు గది ఖాళీ చేస్తే సాయంత్రానికి తిరుపతిలో ఉంటారు. అదే రోజు బెలూం గుహలు కూడా చూసేయాలని చాలామంది అనుకుంటారు. మరొక 60 కిలోమీటర్లు ఎదురు దిక్కున వెళ్లి, గుహలో ఉక్కలో గంటకు పైగా నడిచి, అక్కడి నుంచి తిరుపతికి రావడం పిల్లలకు శిక్షే. ఇంకొక రాత్రి ఉండగలిగితేనే ఆ ఆలోచన చేయండి. కడపలో ఆగి ఎర్రకారం దోసె తినడానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం ఉండదు, చిన్నపిల్లలకు కారం లేకుండా వేయమని ముందే చెప్పండి.